ఒషావా కోసం పేరుపేరునా

"ఆంటీ ప్రభువునందు నిద్రించారు" అని పోయిన గురువారం పొద్దున పక్కింటి అంకుల్ మెసేజ్ పెట్టారు. మా రెండిళ్లకీ మధ్య ఒక్కటే గోడ. తలుపు కొట్టి చెప్పొచ్చు. మా గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్లిపోయారట.

చాలామంది పిల్లలకి ఆవిడ పులావ్ ఆంటీ. నాకు మాత్రం ఈ చలిదేశంలో మా ఊరు ఒషావా ఎంత పెరిగిందో ఆవిడ ప్రార్థన పొడుగుని బట్టే తెలిసేది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. చివర్లో ఆంటీ ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరి కోసం పేరుపేరునా ప్రార్థించేవారు. అదయ్యాకే పులావ్ వడ్డన. అంకుల్ కార్ల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో ఇక్కడ నాలుగే కుటుంబాలు, ఇంటి వెనకంతా మొక్కజొన్న చేలు. కుక్కర్ మూడో విజిల్ వేసేలోపే ఆమెన్ అనేసేవారట. తర్వాత చేలల్లో ఇళ్లు లేచాయి. ఊరికి ఉత్తరాన యూనివర్సిటీ వచ్చింది. దగ్గర్లోని ఖరీదైన ఊరు ఏజాక్స్‌లో ఇల్లు కొనలేని ఐటీవాళ్లు ఇటు జరిగారు. పులావ్ గోరువెచ్చనయింది. ఆ తర్వాత స్టూడెంట్లు దిగారు. ప్రతి బేస్‌మెంట్‌లో ఆరుగురు. పులావ్‌ని రెండుసార్లు మైక్రోవేవ్ చెయ్యాల్సి వచ్చేది.

"ప్రభువా, సాయికృష్ణని కాపాడు. ఎర్ర జాకెట్ సాయికృష్ణ కాదు తండ్రీ, ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చేసింది. హీటర్ పనిచెయ్యని సాయికృష్ణ."

అంకుల్ కళ్లు మూసుకునే గొణిగారు. "ఆయనకి తెలుసులేవే."

"ఆయనకి తెలుసండీ. నేను కలిపెయ్యకూడదు కదా. ఇదిగో, మీ మూలంగా ఎక్కడున్నానో మర్చిపోయా. మళ్లీ మొదట్నుంచీ, ప్రభువా..."

గదిలో ముప్ఫైమంది ఒక్కసారే నిట్టూర్చారు. దేవుడి మీద కాదు, అంకుల్ మీద.

ఒక ఆదివారం ఒకమ్మాయి కళ్లు తిరిగి సోఫాలో ఒరిగిపోయింది. పులావ్ కోసమని పొద్దున్నించీ ఏమీ తినకుండా వచ్చిందట. దాంతో అంకుల్ తేల్చేశారు. "ఊళ్లో మా తెలుగు పిల్లలందర్నీ చల్లగా చూడు అను. సరిపోతుంది." మరుసటి వారం ఆంటీ అలాగే అన్నారు. పులావ్ పొగలు కక్కుతుండగానే అందరి చేతుల్లోకీ ప్లేట్లొచ్చాయి. ఆంటీ మాత్రం ముద్ద ముట్టలేదు.

సోమవారం మంచులో ఇంటి చెప్పులతోనే మా గుమ్మంలో నిలబడ్డారు.

"అందర్నీ అంటే ఎవర్నమ్మా? కాలేజీకి వాళ్లొక నంబరు. ఇంటి ఓనరుకి బేస్‌మెంటువాళ్లు. నేను కూడా గుంపులో తోసేస్తే ఇంత ఊళ్లో ఆ పిల్లల్ని పేరుపెట్టి తలుచుకునేదెవరు?"

నేను ఏ గుడికీ, ఏ చర్చికీ సరిగ్గా అతకని మనిషిని. వినేవాడు ఉన్నాడో లేడో అన్న దగ్గరే ఆగిపోయినదాన్ని. కాకపోతే కాలేజీ ఆఫీసులో పని, లిస్టులు చెయ్యడం వచ్చు. పేర్లన్నీ నాలుగు వారాలకి పంచి ఒక షీట్ చేసిచ్చాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

అది రెండో ఆదివారానికే కూలిపోయింది.

"ఆంటీ, నాది మూడో వారం. లైసెన్సు రోడ్ టెస్ట్ ఈ బుధవారమే!"

"నీది రోడ్ టెస్టేరా, నాది వర్క్ పర్మిట్. ఆంటీ, వీణ్ణి వెనక్కి నెట్టండి."

వారం తిరిగేసరికి అందరూ మొదటి వారంలోకి ఎక్కేశారు. ఆంటీ షీటు చూశారు. "మూడో వారంలో ఎవరూ లేరేంటమ్మా?"

"అందరిదీ అర్జెంటే ఆంటీ."

"అయితే అందర్నీ ఒకేసారి చదువుతా. ముందు తినేద్దాం."

ఇన్నేళ్లలో ఇది ఎవరికీ తట్టలేదు! తిన్నాక పిల్లలు జారుకుంటారని నేను అనుమానపడ్డాను. అనుమానపడడం నాకు బాగా వచ్చిన పని. ఒక్కరూ వెళ్లలేదు. కొందరు గోడకి జారబడి నిద్రపోయారు, అంతే. ఆంటీ వాళ్ల పేర్లొచ్చినప్పుడు కాస్త గొంతు తగ్గించేవారు.

ఆ షీటులో నా పేరు లేదని ఒకరోజు ఆవిడే పట్టుకున్నారు.

"నాకంత నమ్మకం లేదు కదా ఆంటీ."

"నమ్మడం నీ పని. తలుచుకోవడం నా పని. రాయి."

రాశాను. అట్టడుగున, పెన్సిల్‌తో.

సమాధి కార్యక్రమం అయ్యాక మొన్న ఆదివారం అందరం మళ్లీ ఆ ఇంట్లోనే చేరాం. తినడం అయింది. అంకుల్ షీటు తీసి "ప్రభువా" అన్నారు. ఆ మాట దాటి ముందుకి వెళ్లలేకపోయారు. కాగితం నా ఒళ్లో పెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నమ్మకుండా "ప్రభువా" అంటే ఆవిణ్ణి మోసం చేసినట్టుంటుంది. అనకపోతే అంకుల్‌కి బాధ. ఏం చెయ్యాలో తేలక, ఉత్త పేర్లే చదవడం మొదలుపెట్టాను, అటెండెన్స్ తీసుకుంటున్నట్టు.

మూడో పేరుకి మూలనుంచి ఓ అమ్మాయి అలవాటుకొద్దీ "ఉన్నానక్కా" అనేసి నాలిక్కరుచుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు. తర్వాతి పేరుకి మెట్ల మీంచి "ఉన్నా." వంటింట్లో గిన్నెలు తోముతున్న దగ్గర్నించి "ఉన్నా." అంకుల్ కళ్లు తెరిచి ఒక్కొక్కరి వైపూ తల తిప్పి చూస్తున్నారు. నేను ఇంకో పేరు చదివాను. జవాబు లేదు. మళ్లీ చదివాను, కొంచెం గట్టిగా. పనినించి ఆలస్యంగా వచ్చి బయట వరండాలో బూట్లు విప్పుకుంటున్న పిల్ల, లోపల ఏం జరుగుతోందో తెలియకుండానే అరిచింది.

"ఉన్నా ఉన్నా, వస్తున్నా!"