శిక్షణ ఇచ్చినవారి గడిలో నా పేరు

మొన్న శుక్రవారం పొద్దున మా ఖాలా పోయింది. తిరుమలగిరి లాల్‌బజార్ నుంచి ఆమె మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. చెప్పి వెంటనే పెట్టెయ్యలేదు. "ఒక్క మాట అడుగుతా మేడం, మీరు దవాఖానల పనిచేసిన్రు గద. మూడు దినాల సంది దాదీ కండ్లు తెరవలె. చేతులు మాత్రం ఆగలె. మంచం మీద ఎవరిదో కాలు పట్టుకొని పిసుకుతున్నట్టే ఉండె. మేం చేతులు పట్టుకుంటే విడిపించుకునేది. గట్ల అయితదా?" అని అడిగింది. అవుతుందమ్మా అన్నాను. అవుతుందో లేదో నాకు తెలియదు. ఎవరి కాలో మాత్రం తెలుసుననిపించింది.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మకు అక్కో చెల్లెలో. ఆమె నాకు చుట్టం కాదు, మా మతమూ కాదు. వార్డులో అందరూ అలాగే పిలిచేవాళ్ళు, నేనూ పిలిచాను. ఇప్పుడు ఏళ్ళ తరబడి డిగ్రీ చదివి చేస్తున్న ఫిజియోథెరపీ పనిని ఆ రోజుల్లో మాలిష్ అనేవాళ్ళు. ఆ పని నాకు చేతుల్లో పెట్టి నేర్పింది ఆమే. ఈ మాట ఏ కాగితంలోనూ లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను చేరింది పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను మిడిల్ పాసయ్యాను, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, ఆ బలంతోనే తిరుమలగిరి వైపు ఒక ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో మాలిష్‌కు సహాయకురాలిగా తీసుకున్నారు. అక్కడ సగం మంది పరదా పాటించేవాళ్ళు. మంచం చుట్టూ తెర కట్టి ఉండేది. మగ డాక్టరు తెర బయట నిలబడి అడిగేవాడు, ఖాలా లోపల తడిమి చూసి జవాబు చెప్పేది. తెర దాటి లోపలికి వెళ్ళగానే వెలుతురు సగం తగ్గేది, మాటలు దూరంగా వినిపించేవి. మొదటి వారం నాకు ఊపిరాడలేదు.

లోపల ఆమె మొదట అనే మాట ఒకటే. "ఇజాజత్?" అంటే అనుమతేనా అని. రోగి సరే అన్నాకనే చెయ్యి వేసేది. స్పృహ లేనివాళ్ళను కూడా అడిగేది. ఒకసారి నాకు నవ్వాగలేదు.

"నవ్వకు బిడ్డా. అడగకుండ చెయ్యి పెడితే ఒళ్ళు అబద్ధం చెప్తది," అంది.

"ఆమెకు తెలివే లేదు గద ఖాలా, ఏం చెప్తది?"

"ఆగు. చెప్తది."

చేతులు గాల్లోనే ఉంచి ఆగింది. ఆ పడుకున్న మనిషి వేలైనా కదపలేదు. కాసేపటికి ఖాలా సరే అన్నట్టు తల ఊపి పని మొదలుపెట్టింది. ఆ జవాబు నాకెప్పుడూ వినిపించలేదు, ఆమె మాత్రం దానికోసం ఆగకుండా ఒక్కరి మీదా చెయ్యి వెయ్యలేదు.

నేను చేరిన సంవత్సరమే జిల్లాల నుంచి ఒకామెను తెచ్చారు. పోలీస్ యాక్షన్ రోజుల్లో ఆమె ఊళ్ళో ఏం జరిగిందో ఎవరూ అడగలేదు, అడిగినా ఆమె చెప్పే స్థితిలో లేదు. నోట మాట పోయింది. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆమె రోజూ లేని ఆ కాలి వైపే వేలు చూపించి మూలిగేది. మడమ ఉండాల్సిన చోట పరుపును గోళ్ళతో గీకేది. డాక్టర్లు మత్తుమందు రాసి వెళ్ళిపోయేవాళ్ళు.

ఖాలా తెర లోపలికి వెళ్ళి ఇజాజత్ అడిగింది. ఆగింది. తరువాత కాలు లేని చోట, దుప్పటికి జానెడు ఎత్తున రెండు చేతులూ పెట్టింది. చేతులు అక్కడే ఆగాయి, కింద ఏదో ఉన్నట్టు. బొటనవేలితో అరికాలును నొక్కింది. ఒక్కొక్క వేలునూ వంచి వదిలింది. నేను ఆమె చేతులు చూడటం మాని ఆ మనిషి ముఖం చూశాను. ముడిపడిన కనుబొమలు విడిపోతున్నాయి. ఐదో వేలు దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయింది.

"నువ్వు పెట్టు, ఇక్కడ," అని ఖాలా నా చెయ్యి పట్టి ఆ చోట పెట్టింది. అరచేతికి వెచ్చగా తగిలింది. ఎండ పడుతోందేమో అనుకున్నాను. కిటికీ తెరకు అవతల ఉంది. చెయ్యి లాక్కుని బయటికి వచ్చి కుళాయి కింద పెట్టుకున్నాను.

"భయం అయితుందా?" అని నా వెనకే వచ్చి అడిగింది ఖాలా. "కాలు ఉన్నకాడ గాదు బిడ్డా, తక్లీఫ్ ఉన్నకాడ చెయ్యి పెట్టాలె. గంతే పని." తక్లీఫ్ అంటే ఆమె మాటల్లో నొప్పి.

ఇంకా హైదరాబాద్ స్టేటు ఉన్న రోజుల్లోనే మా ఆసుపత్రిలో కొత్త కట్టుదిట్టాలు వచ్చాయి. దఫ్తరు కాగితాలు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారాయి. మాలిష్ చేసేవాళ్ళకు సనదు ఉండాలన్నారు, అంటే పరీక్ష పాసైనట్టు యోగ్యతాపత్రం. మిడిల్ చదువు, ఏడాది పని, ఎముకల పేర్లు ఇంగ్లీషులో, ఆఖరున ఒక రోగి మీద చేసి చూపించడం. సనదు లేనివాళ్ళు ఉన్నవాళ్ళ చేతికింద సహాయకులుగానే ఉండాలి, సొంతంగా రోగిని ముట్టుకోకూడదు. ఖాలా దగ్గర పాత దొరసాని మేట్రన్ మాట మీద దఫ్తరువాళ్ళు ఉర్దూలో రాసిచ్చిన చీటీ ఒకటి ఉండేది. పరీక్ష పెట్టే కమిటీవాళ్ళు దాన్ని తిరగేసి చూసి, ఇది చదివేవాళ్ళు ఇప్పుడెవరూ లేరని వెనక్కి ఇచ్చేశారు. పాతవాళ్ళు కాబట్టి చదువు మినహాయిస్తాం, పరీక్ష మాత్రం తప్పదన్నారు.

మధ్యాహ్నాలు వార్డు వసారాలో కూర్చుని ఆమెకు ఎముకల పేర్లు నేర్పాను. ఆమెకు అక్షరాలు రావు. అందుకని పేర్లన్నిటికీ వెనక బీ తగిలించి ఆడపిల్లల్ని చేసింది. ఫీమర్ బీ పెద్దది, జెర మొండిది. టిబియా బీ, ఫిబులా బీ అక్కాచెల్లెండ్లు, ఒక్క ఇంట్లనే ఉంటరు. మోకాలి చిప్ప పటెల్లా బీ గడపల కూసుంటది, లోపటికి రాదు, బయటికి పోదు. ఇద్దరం నవ్వీ నవ్వీ అలసిపోయేవాళ్ళం. నాకు అంత సంతోషంగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదు.

పరీక్ష రోజు ఆమె పేర్లన్నీ తప్పులేకుండా చెప్పింది. బీలను కూడా వదిలేసింది. తరువాత రోగి. కమిటీలో ఇద్దరు మగ డాక్టర్లు తెర బయట కూర్చున్నారు, ఒక లేడీ డాక్టరు లోపలికి వచ్చింది. నేను తర్జుమాకు నిలబడ్డాను. ఖాలా తరువాత నా వంతు. వాళ్ళు ఎంచుకున్న రోగి, తీసుకెళ్ళేవాళ్ళు లేక వార్డులోనే ఉండిపోయిన ఆ మాటపోయిన మనిషే.

ఆమె ఎప్పటిలా లేని కాలి వైపే చూపించింది. ఖాలా ఎప్పటిలా అడిగింది, ఆగింది, లేని కాలి మీద చేతులు పెట్టింది. లేడీ డాక్టరు కాసేపు చూసి, ఈమె మంచానికి మాలిష్ చేస్తోందని ఇంగ్లీషులో బయటికి చెప్పింది. బయట నవ్వారు. "ఆ కాలు లేదని ఈమెకు తెలుసా? అడుగు," అని నాతో అంది.

అడిగాను. ఖాలా చేతులు తియ్యకుండానే జవాబు చెప్పింది.

"కాలు లేదని నాకు తెల్వదా బిడ్డా? దినాం చూస్తున్న. తక్లీఫ్ ఉన్నది గద. కాలు కోసినోళ్ళు తక్లీఫును కొయ్యలె, అది ఈన్నే పండుకున్నది. డాక్టరమ్మను చూడమను, ఈమె ముఖం చూడమను. గట్లనే చెప్పు వాళ్ళకు."

చెప్పాల్సింది అంతే. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. కానీ వెంటనే నా వంతు వస్తుంది. ఈ వెర్రి నాకూ అంటిందనుకుంటారు, సనదు ఇవ్వరు, లాలాగూడలో నాన్న ముందు తల ఎత్తలేను. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి.

"ఆమెకు ప్రశ్న అర్థం కాలేదండీ," అన్నాను ఇంగ్లీషులో.

లేడీ డాక్టరు రాసుకుంది. రోగికి కాలు ఎక్కడుందో గుర్తించలేకపోయింది అని రాసినట్టు తరువాత నేనే చూశాను.

ఖాలా నా వైపు తిరిగింది. "నేను గంత చెప్తే నువ్వు గింతనే అన్నవేంది బిడ్డా?"

"ఇంగ్లీషు చిన్నగుంటది ఖాలా," అన్నాను.

నా వంతు వచ్చింది. పుస్తకంలో ఉన్నట్టు మిగిలిన తొడ దగ్గర మొదలుపెట్టాను. ఇజాజత్ అడగలేదు. రోగి ముఖం గోడ వైపు తిప్పుకుంది, నేను ముగించేదాకా తిప్పుకునే ఉంది. నేను పాసయ్యాను.

తరువాత పద్దెనిమిదేళ్ళు ఖాలా నా చేతికింద సహాయకురాలిగా పనిచేసింది. నా మీద ఒక్క మాట తూలలేదు. మారింది ఒక్కటే. తెర లోపలికి వెళ్ళాక రోగిని అడిగే ముందు నా వైపు తిరిగి "ఇజాజత్?" అనేది. రూలు ప్రకారం అడగాల్సింది నన్నే కదా. ఎగతాళో నిజమో ఆమె ముఖంలో తెలిసేది కాదు, కళ్ళు మాత్రం నా జవాబు వచ్చేదాకా ఆగేవి. నేను తల ఊపేదాన్ని. ఊపిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చేదాన్ని.

కొన్నాళ్ళకు సహాయకులకూ చిన్న సనదు ఇస్తామన్నారు. ఖాలా అర్జీలో ఒక గడి ఉంది, శిక్షణ ఇచ్చినవారు అని. సనదు ఉన్నవాళ్ళ పేరే రాయాలి. నా పేరు రాసి సంతకం పెట్టాను. ఆ గడిలో నిజం రాయడానికి చోటు లేదని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకా చాలా ఏళ్ళకు ఒక పెద్ద వైద్య పుస్తకంలో ఆ లేని కాలి నొప్పికి ఒక పేరు కనిపించింది. పరుగున వెళ్ళి ఖాలాకు చెప్పాను. "పేరు పెట్టిన్రా? మంచిగైంది," అంది, అంతే.

శుక్రవారం నేను వెళ్ళేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. గదినిండా ఆడవాళ్ళు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మనవరాలు నన్ను చూసి లేచి, "ఈమెనే, దాదీకి పని నేర్పిన ఉస్తాద్," అని అందరికీ చెప్పింది. ఒక్కొక్కరే లేచి నాకు దారి ఇచ్చారు. ఒక ముసలామె నా చెయ్యి తీసుకుని కళ్ళకు అద్దుకుంది.

"కాదు తల్లీ," అన్నాను. "నేను ఆమెకు నేర్పలేదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నాను. పరీక్ష రోజు ఆమె చెప్పిన మాట నేనే తప్పు చెప్పాను."

ఇన్నేళ్ళకు అన్నాను.

ఆ పిల్ల ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. చిన్నగా నవ్వింది. "మీరు గిట్లనే అంటరని దాదీ ముందుగాలనే చెప్పింది మేడం. వింటే వినుండ్రి గని నమ్మకుండ్రి అన్నది." అని నా భుజం పట్టుకుని మెల్లగా తీసుకువెళ్ళి ఖాలా తలవైపు కూర్చోబెట్టింది. తల ఎత్తితే గోడ మీద ఆ చిన్న సనదు, అద్దం కట్టించి ఉంది. ఇంట్లో కట్టించిన పటం అదొక్కటే. దుమ్ము లేదు, రోజూ తుడిచినట్టుంది. దాని అడుగున నా సంతకం, కింద కళ్ళు మూసుకుని ఖాలా, చుట్టూ నా వైపు వినయంగా చూస్తున్న ఆడవాళ్ళు.