తెర నిండా గంగారాంలు

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక నా దోస్తు గంగారాం బోధన్ విడిచి ఎటో వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు, ఇంటర్నెట్‌లో ఎవరైనా దొరుకుతారని విని నిజామాబాద్‌లోని నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. పేరు కొట్టగానే తెర నిండా గంగారాంలే. డాక్టర్లు, లీడర్లు, ప్రొఫెసర్లు!

“మావోడు గింత సదువుకోలే తమ్మీ. మేం బడి ఎగ్గొట్టి చెరుకు బండ్లెంబడి ఉరికినోళ్లం,” అన్నాను.

సెంటర్ నడిపే కుర్రాడు నవ్వాడు. “గట్లయితే దొరకడన్నా. ఇంటిపేరు చెప్పు.”

నాకు తెలియదు. ఎన్నడూ అడగనేలేదు.

“బక్కోడా అంటే పలుకుతడు. గదే కొట్టు!”

సెంటరంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, బయటికొచ్చాక కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు లావెక్కాడేమో. అయినా మీ ఊళ్లో ఏ గంగారాం కనిపించినా, “బక్కోడా” అని ఒక్కసారి పిలిచి చూడండి. వెనక్కి తిరిగితే మావాడే.