చేయి ఎత్తితే తాడు వదిలేస్తానన్న రమణ అంకుల్

నిన్న పొద్దున బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది.

"నాన్న ఇక లేరు." రమణ అంకుల్ కూతురు అంతే చెప్పింది.

దిగాల్సిన స్టాప్ ఎప్పుడు దాటిందో తెలియదు. ఎక్కడో దూరాన క్రాంజీలో తేలాను.

బూన్ లేలోని వాళ్ల ఫ్లాట్‌లో, నిద్రలోనే గుండె ఆగిందట.

నిన్నటి నుంచి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. ఆ వయసులో వాటర్ స్కీయింగ్ ఏమిటి, చెప్తే విన్నాడా అని.

నీళ్లు ఆయన్ని చంపలేదు. ముందు అది తెలుసుకోండి.

తువాస్ షిప్‌యార్డ్‌లో రిటైరయ్యాక కూడా, బోటు లాగే తాడు పట్టుకుని నీళ్ల మీద జారే ఆ పోటీలకు దిగిన మనిషి. ఎడమ మోకాలికి అప్పటికే ఆపరేషన్ అయింది. మళ్లీ మెలిపడితే నడకే కష్టమన్నారు డాక్టర్. మానేయమని ఆంటీ పోరు. నేను మాత్రం, దొరికిన హక్కుల కరపత్రమల్లా చదివిన ఆవేశంలో, వయసు పేరుతో మనిషిని పక్కన పెట్టడం అన్యాయం, దిగాల్సిందే అన్నాను.

"నీ కరపత్రాల్లో మోకాళ్ల గురించి ఏమీ రాయలేదారా?" అని నవ్వారు అంకుల్.

తర్వాత ఒక ఒప్పందం పెట్టారు. బోటులో వెనక్కి తిరిగి కూర్చుని, స్కీయర్‌ని కనిపెట్టి చూసే మనిషి ఒకరుండాలి. ఆ పని నాకిచ్చారు.

"పోటీలో ఉంటే నొప్పి నాకు తెలీదురా. నువ్వు చూడు. నువ్వు చేయి ఎత్తితే తాడు వదిలేస్తా."

పోటీ రోజు. ఆఖరి రౌండ్. అది పూర్తయితే ఆయన ఏజ్ గ్రూప్‌లో ఫస్ట్.

మలుపు తిరుగుతుంటే ఆ మోకాలు లోపలికి వంగింది.

నేను చూశాను. నేను చూడటం ఆయనా చూశారు. వద్దన్నట్టు తల ఊపారు.

ఇంకా రెండే మలుపులు.

దిగమని గొంతు చించుకున్నవాణ్ని నేనే. ఆపాల్సినవాణ్నీ నేనే.

ఎత్తాను.

వెంటనే వదల్లేదు. తాడు బిగిసే ఉంది. పళ్లు బిగించి నా వైపే చూస్తున్నారు.

అప్పుడు వదిలారు.

ఆయన తల నీళ్లపైకి వచ్చేదాకా అక్కడి నుంచి కళ్లు తిప్పలేదు.

చేయి పట్టి బోటెక్కించాను. ఒడ్డు చేరి, కుంటుతూనే అయినా తన కాళ్ల మీద నడుస్తూ, "గెలిచేవాణ్ని, తెలుసా?" అన్నారు.

తెలుసన్నాను.

"సరే, మకాన్‌కి పోదాం పద, ఏదైనా తిందాం. ఆకలేస్తోంది."

మోకాలు కుదురుకోగానే మళ్లీ నీళ్లలోకి దిగారు. పోయిన ఆదివారం కూడా దిగారు. ఆ తాడు వదలడానికి ఎంత దమ్ము కావాలో చూడనివాళ్లు దయచేసి తీర్పులు చెప్పకండి.

వెళ్లిరండి అంకుల్.

శాంతి మీకు దొరకాలి. నాకు ఇప్పుడే అక్కర్లేదు, ఇంకా కోపంగా ఉంది.