అబద్ధం లేని అరపేజీ

ఆవిడను పిల్లలు ‘ఇంతకీ టీచర్’ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది, మెట్ల మీద అనుకునేవారు. ఆ పేరు తన చెవిన పడనట్టే ఉండేది కానీ, లోలోపల మురిసిపోయేది.

ట్యుటోరియల్ పై అంతస్తులో చివరి గది ఆమెది. అక్కడ పరీక్షలకు వెళ్ళే పిల్లలకు సారాంశం రాయడం నేర్పేది. సారాంశం అనగానే పిల్లలు చేసే పని ఒకటే. మొదటి వాక్యం, మధ్యలో ఏదో ఒకటి, ఆఖరి వాక్యం ఏరి అతికించడం.

“చొక్కా చేతులు కత్తిరించి తెచ్చి, ఇదిగో చొక్కా అంటావేంట్రా?” అనేది.

ఆమె పద్ధతి ఆమెది. మొదటిసారి చదివేటప్పుడు కలం ముట్టుకోకూడదు. ఊరికే, ఎదుటివాడు ఏం చెబుతున్నాడో వింటున్నట్టు చదవాలి. రెండోసారి ఒక్కో పేరా దగ్గర ఆగి, ‘దీన్ని తీసేస్తే మిగతాది నిలబడుతుందా?’ అని చూసుకోవాలి. ఉదాహరణలు, పోలికలు, అంకెలు గుమ్మం ముందు పూలకుండీల్లాంటివి, పక్కకు జరపవచ్చు. గోడ మాత్రం కదపకూడదు. ఆ తర్వాత పుస్తకం మూసెయ్యాలి. ఆ పాఠం చదవని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నోటితో చెప్పాలి. వినేవాళ్ళ పని మధ్యమధ్యలో “ఇంతకీ ఏమంటాడు?” అని అడగడం. “ఆఁ, తెలిసింది” అని వాళ్ళు అన్నాకే కలం పట్టాలి. సొంత మాటల్లో, మూడో వంతుకు మించకుండా.

“మీ అభిప్రాయం ఆ రాసినాయన అడిగాడా? అడగలేదు. దాన్ని ఇంట్లో పెట్టి రండి” అనేది. రాయడం అయ్యాక పుస్తకం తెరిచి, ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టామా, అన్న మాట మింగేశామా అని సరిచూసుకోవాలి. అంతే.

ఈ విద్య ఆమెకు ఏ కాలేజీలోనూ రాలేదు. అమ్మ మంచాన పడ్డప్పుడు వచ్చింది. అమ్మకు పత్రికల్లో కథలంటే ప్రాణం, కానీ చివరి రోజుల్లో పేజీ మొత్తం వినే ఓపిక ఉండేది కాదు. ఆమె వంటగదిలో నిలబడి చదువుకుని, పత్రిక అక్కడే పెట్టేసి, మంచం దగ్గరికి వచ్చి నాలుగు మాటల్లో చెప్పేది. కాస్త సాగదీస్తే అమ్మ కళ్ళు మూసుకునే, “ఇంతకీ ఏమైందంటావే?” అనేది. అమ్మ కాళ్ళు పడుతూ పక్కన చెల్లి ఉండేది. అక్క చెప్పింది నచ్చకపోతే తను ఇంకా పొట్టిగా చెప్పేది. అమ్మ నవ్వేది. అమ్మ పోయాక ఆ మంచం తీసేశారు. ఆ ప్రశ్న మాత్రం ఆమె నాలుక మీద ఉండిపోయింది.

చెల్లిని ట్యుటోరియల్లో చేర్పించింది కూడా ఆమే. చెల్లి కింది అంతస్తులో చిన్నపిల్లలకు వ్యాకరణం చెప్పేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బా మూత తీసి తినేవారు.

ఒకరోజు ఎవరో తండ్రి కూతుర్ని తీసుకెళ్ళడానికి ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల సంతలా ఉంది. పుస్తకాలన్నీ మూసున్నాయి, పిల్లలంతా మాట్లాడుతున్నారు, టీచర్ వెనక బెంచీ మీద కూర్చుంది. ఆయన తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, “కబుర్లు చెప్పుకోవడానికా మా పిల్లని పంపింది?” అని అరిచి పోయాడు.

ప్రిన్సిపాల్ ఆమెను పిలిచాడు. “ఒకరు మీ క్లాసులో కూర్చుని, చూసింది అరపేజీలో రాసిస్తారు. దాన్నిబట్టి చూద్దాం. బయటివాళ్ళయితే మీరు నొచ్చుకుంటారని మీ చెల్లెల్నే రమ్మన్నాను.”

ఆమె గుండెల మీది కుంపటి దించినట్టయింది. చెల్లే కదా.

చెల్లి వచ్చి గోడవారగా కూర్చుంది. ఆ రోజు క్లాసు బంగారంలా నడిచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల పాఠం మొత్తం నాలుగు వాక్యాల్లో చెప్పింది. పక్కపిల్ల “ఇంతకీ?” అనే లోపే ముగించింది. “ఇంకో రోజు కూడా కూర్చోవే, ఇంకా బాగా తెలుస్తుంది” అంది ఆమె.

“చాల్లే అక్కా, నాకు తెలియనిదా?” అంది చెల్లి.

తర్వాత ప్రిన్సిపాల్ ఆ అరపేజీ ఆమె చేతికే ఇచ్చాడు. ‘క్లాసులో పుస్తకాలు మూసి ఉంచుతారు. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. బోర్డు మీద ఏమీ రాయరు. నమూనా జవాబులు ఇవ్వరు. టీచర్ ఎక్కువసేపు వెనక బెంచీలో కూర్చుంటారు. పక్క గదికి శబ్దం వినిపిస్తుంది.’

ఆమె అలవాటు కొద్దీ రెండుసార్లు చదివింది. సొంత అభిప్రాయం లేదు. వరస తప్పలేదు. అనవసరమైన మాట ఒక్కటి లేదు. ఆ నోరు లేని పిల్ల మాత్రం ఎక్కడా లేదు. పుస్తకం ఎందుకు మూశారో లేదు. పూలకుండీలన్నీ ఉన్నాయి, ఇల్లే లేదు.

“ఇందులో అబద్ధమేమైనా ఉందా అమ్మా?” అన్నాడు ప్రిన్సిపాల్.

“లేదండీ” అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే కాగితం అందుకుని సొరుగులో పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఆమే చెల్లి వాళ్ళింటికి వెళ్ళింది. చెల్లి ఉతికిన బట్టలు మడతలు పెడుతూ తలెత్తలేదు.

“ఏమే, నేను చేసేది నీకు తెలియదా?”

“తెలుసు. నేను ఒక్క అబద్ధమైనా రాశానా అక్కా?”

“రాసి ఉంటే బాగుండేదే. కాదని నోరారా చెప్పుకునేదాన్ని.”

చెల్లి చేతిలో దుప్పటి మడత జారింది. “నువ్వు ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ నేను ఎవరికైనా నీ చెల్లెల్నే. నాకూ ఒక క్లాసు కావాలనిపించదా? పై గది నాకిస్తానన్నారు ప్రిన్సిపాల్ గారు.”

“అడిగితే నేనే ఇచ్చేదాన్నిగా.”

“అదే. నువ్వు ఇస్తే తీసుకోవాలి. ఎప్పుడూ అంతే.”

ఆమె జారిన దుప్పటి ఒక కొస పట్టుకుంది. చిన్నప్పట్నుంచీ ఇద్దరూ కలిసి మడిచేవారు, చేయి దానంతటదే వెళ్ళింది. రెండో కొస చెల్లి పట్టుకుంది. కొసకు కొస కలిపి మడత పూర్తి చేశారు. ఆ తర్వాత ఆమె చెప్పులు వేసుకుంది.

ఇప్పుడు ఆమె కింది అంతస్తులో చిన్నపిల్లలకు వ్యాకరణం చెబుతుంది. పై గది నిశ్శబ్దంగా ఉంటోందని, పిల్లలు నమూనా జవాబులు చక్కగా దింపుకుంటున్నారని తల్లిదండ్రులు సంతోషిస్తున్నారు. మధ్యాహ్నం చెల్లి ఇప్పటికీ డబ్బా పట్టుకుని ఆమె బల్ల దగ్గరికే వస్తుంది. ఏ పిల్ల ఏడిచిందో, వచ్చేటప్పుడు బస్సులో ఏం జరిగిందో, మోకాలు ఎందుకు లాగుతోందో, ఒకప్పుడు ఆమె మొదట్నుంచీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఇప్పుడు నోరు తెరిచేలోపే ఏది ఎంతవరకు చెప్పాలో లోపల కత్తిరించుకుంటుంది.

“ఏంటక్కా, ఏం మాట్లాడవు? ఎలా ఉన్నావ్?” అంటుంది చెల్లి.

“బాగానే ఉన్నానే” అంటుంది ఆమె. డబ్బా మూత పెట్టేస్తుంది.