నీళ్ళు పోగా మిగిలిన బలం

క్రీస్తుదాసు మాస్టారి పక్కన కూర్చుని అన్నం తినడానికి ఊళ్ళో ఎవరూ ఇష్టపడేవారు కాదు. మనిషి మంచివాడే. కాకపోతే ఎదుటివాడు ముద్ద నోట్లో పెట్టుకోబోయే సమయానికి అందులో ఏముందో చెప్పేవాడు. పప్పు కలుపుకుంటే "మాంసకృత్తులు" అనేవాడు. ఒక పెళ్ళిలో నెయ్యి వడ్డిస్తుంటే "కొవ్వు" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి అది తననే అనుకుని పంక్తిలోంచి లేచిపోబోతే నలుగురూ పట్టుకుని కూర్చోబెట్టారు.

ఈ జబ్బంతా ట్రైనింగులో ఇచ్చిన పోషక విలువల పట్టిక వల్ల వచ్చింది. దాన్ని మిషను బడి గోడకు అంటించి, మాస్టారు రోజూ ఒకసారి దర్శనం చేసుకునేవాడు. అయితే అన్ని పోషకాలూ నోటి వెంట బయటికే పోయేవి కాబోలు, ఆయన ఒంటికి మాత్రం ఒక్కటీ అంటలేదు. చొక్కా వేసుకుంటే చిలక్కొయ్యకు తగిలించినట్టే ఉండేది.

భార్య వీరమ్మ మిరపకోతల ముఠాకు మేస్త్రి. ఆమె గొంతెత్తితే రెండు చేల అవతల కోసేవాళ్ళు కూడా చేతులు చురుగ్గా ఆడించేవాళ్ళు. ఊరంతా ఆయన్ను మాస్టారూ అని పిలిస్తే ఆమే పిలవకుండా ఉండటం దేనికని, ఆమె కూడా మాస్టారూ అనే పిలిచేది.

ఎనభై నాలుగో సంవత్సరం, క్రిస్మస్ వెళ్ళిన వారానికి మాస్టారికి పెద్ద చిక్కొచ్చింది. ఏళ్ళ తరబడి టెంపరరీగా సాగుతున్న ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారు, ఒంట్లో బాగుందని డాక్టరు సంతకం తెమ్మన్నారు. చిలకలూరిపేట వెళితే అక్కడి డాక్టరు గారు ఆయన్ను కాటా ఎక్కించి, ముల్లు చూసి, ఆయన్నొకసారి చూసి, మళ్ళీ ముల్లు చూశాడు.

"నలభై మూడు కిలోలు. దీనికి నేను సంతకం పెడితే నన్ను చూసి నవ్వుతారండి. నెల రోజులు బాగా తిని, నలభై అయిదుకు రండి, పెడతాను."

సంతకం లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పోతే మిగిలేది భార్య ముఠాలో కూలికి పోవడం. మాస్టారి కోత పనితనం అప్పటికే ఊరందరికీ తెలుసు. ఒకసారి సెలవుల్లో సాయానికి వెళ్ళి, కోసిన కాయల కంటే విరిచిన కొమ్మలు ఎక్కువని పేరు తెచ్చుకున్నాడు.

అయినా బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆయన దిగులు పడలేదు. వాకిట్లో దండెం మీద ఎండు తునకలున్నాయి. క్రిస్మస్‌కు పల్లెలో పందిని కోసి పోగులు వేసినప్పుడు వీరమ్మ ఏటా ఒక పోగు ఎక్కువ తీసుకునేది. కొవ్వు వేరు చేసి కరిగించి, కండను పొడుగ్గా చీరి, ఉప్పూ పసుపూ గట్టిగా పట్టించి, గలగలమనే దాకా ఎండబెట్టి కుండలో పెట్టేది. కోతలు అయిపోయి, వానలింకా పడని రోజుల్లో పనులుండవు. అప్పుడు ఆ ఇంట్లో అన్నానికి రుచి అంటూ ఉంటే ఆ కుండలోదే.

ఆ సాయంత్రం మాస్టారు కంచం ముందు కూర్చుని పాఠం మొదలుపెట్టాడు.

"వీరమ్మా, పచ్చి మాంసంలో మూడింట రెండొంతులు నీళ్ళే. ఎండబెడితే ఏమవుతుంది? నీళ్ళు పోతాయి, బలం పోదు. అంటే ఒక్క ఎండు తునక మూడు పచ్చి ముక్కల పెట్టు."

"మూడింటి పెట్టా?"

"నా మాట కాదు, లెక్క."

వీరమ్మ లెక్కను గౌరవించే మనిషి. మర్నాడు మాస్టారి కంచంలో ఎప్పుడూ పడే మూడు తునకలకు బదులు ఒక్కటే పడింది.

"ఇదేంది వీరమ్మా?"

"మీరేగా చెప్పారు, ఒకటి మూడింటి పెట్టని. మూడేస్తే తొమ్మిదింటి పెట్టు. అరగొద్దూ?"

మాస్టారు ఆ ఒక్కటే నంజుకుని తిన్నాడు. చెప్పిన పాఠం వెనక్కి తీసుకోవడం కంటే ఆకలితో ఉండటమే ఆయనకు తేలిక. చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఇంత గట్టి మనిషితో కాపురం చేస్తున్నానా అని లోపల మాత్రం కష్టపెట్టుకున్నాడు.

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలో పనిచేసే బావమరిది జక్రయ్య ఆదివారం వచ్చి సంగతి విన్నాడు.

"ఇంతేగా బావా. రెండు సున్నపురాళ్ళు తెచ్చిస్తా, లాగు జేబుల్లో వేసుకుని కాటా ఎక్కు."

"ఒరేయ్, పొద్దున్నే గుళ్ళో పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పొచ్చిన నోరురా ఇది."

"నోట్లో వేసుకోమన్లేదుగా, జేబులో వేసుకోమన్నా."

మాస్టారు ఒప్పుకోలేదు. కానీ గడువు దగ్గరపడే కొద్దీ, దారిలో రాయి కనిపిస్తే దాని బరువెంతుంటుందో ఆయనకు తెలియకుండానే అంచనా వేసేవాడు.

గడువుకు ముందురోజు మిరపకాయల కాటా మీద ఎక్కి చూసుకుంటే నలభై మూడున్నర. ఇంటికొచ్చి అరుగు మీద చతికిలపడి, "ఎల్లుండి నుంచి నీ ముఠాలో నాక్కూడా కోతకు ఒక సాలు ఇవ్వు" అన్నాడు. నవ్వుతూ అందామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఇల్లంతా వేపుడు వాసన. వీరమ్మ కుండ బోర్లించి, ఉన్న తునకలన్నీ బాణలిలో వేసేసింది. వేడినీళ్ళలో నానబెట్టి ఉప్పు తీసే వ్యవధి లేదు, బస్సొచ్చే వేళయింది. కంచంలో కుప్ప పోసింది.

"అన్నీ వేసేశావేంది? లెక్క ప్రకారం..."

"తినండి. లెక్క సాయంత్రం చూసుకుందాం."

మాస్టారు తిన్నాడు. ఆ తిండిలో ఏముందో ఒక్క ముక్క చెప్పకుండా తిన్నాడు.

బస్సు ఊరు దాటగానే అసలు సంగతి బయటపడింది. నెల రోజులుగా ఆయన మాంసకృత్తులు చెప్పాడు, కొవ్వు చెప్పాడు, ఉప్పు మాట మాత్రం మర్చిపోయాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. పేటలో దిగగానే బోరింగు కొట్టుకుని కడుపునిండా తాగాడు. నాలుగడుగులు వేశాడో లేదో మళ్ళీ దాహం. మదార్‌బీ టీ కొట్టు దగ్గర ఆగి చెంబు అడిగితే, రెండో చెంబుకు ఆమె కుండే దగ్గరికి జరిపింది. డాక్టరు గారి వరండాలో ఇంకో చెంబు తాగాడు.

కాటా ముల్లు నలభై అయిదు దాటి ఆగింది.

"శభాష్" అని డాక్టరు గారు కలం తీశాడు. మాస్టారికి సున్నపురాళ్ళు గుర్తొచ్చాయి. జేబులో ఉంటే పాపం, కడుపులో ఉంటే పుణ్యమా అనిపించింది. నోరు మూసుకుంటే ఉద్యోగం, తెరిస్తే ముఠాలో సాలు. ఆ నోరు ఎప్పుడు మూసుకుంది గనక.

"అయ్యా, ఆ పెరిగిందంతా నీళ్ళేనండి" అని, తునకలతో మొదలుపెట్టి మదార్‌బీ కుండ దాకా మొత్తం చెప్పేశాడు.

డాక్టరు గారు కలం పట్టుకునే నవ్వాడు. "మాస్టారూ, మనిషిలో సగానికి పైగా నీళ్ళే. అవి తీసేసి తూచాలంటే మిమ్మల్ని దండెం మీద ఎండబెట్టాలి." సంతకం పెట్టి కాగితం చేతికిచ్చాడు. "ముందు పెరట్లోకి వెళ్ళి రండి, నిలబడలేకపోతున్నట్టున్నారు."

సాయంత్రం కాగితం చూసి వీరమ్మ దాన్ని కళ్ళకద్దుకుని ట్రంకుపెట్టెలో దాచింది. ఇద్దరికీ అన్నంలోకి పల్చటి చారే. మూలన కుండ బోర్లించి ఉంది. మాస్టారు ఆ కుండను చూశాడు, తరవాత ఎన్నడూ లేనిది భార్య కంచంలోకి చూశాడు.

"ఈ నెలలో నువ్వెన్ని తునకలు తిన్నావు?"

"నేనెందుకు? బరువు పెరగాల్సింది మీరు. పనుల్లేని రోజులకని కూడా దాచాలిగా."

ఊరందరి కంచాల్లో ఏముందో చెప్పినవాడు, ఆమె కంచంలో ఏం లేదో చూడలేదు. మాస్టారికి సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

పర్మినెంటు జీతం మొదటిసారి చేతికొచ్చిన వారం, ఆయన ఒక పోగు మాంసం తెచ్చి, తనే కండ చీరి, ఉప్పు పట్టించి, దండెం మీద వేసి, కర్రతో కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళు "అందులో ఏముంటాయి మాస్టారూ?" అని ఏడిపిస్తే "ఉప్పు" అన్నాడు.

అవి గలగలమన్నాక, ఒక మధ్యాహ్నం నానబెట్టి వేయించి, వీరమ్మను కూర్చోబెట్టి ఆమె కంచంలో మూడు తునకలు వేశాడు. ఆగి, ఇంకొకటి వేశాడు. పాఠం మొదలవుతుందేమోనని ఆమె ముద్ద పట్టుకుని ఎదురుచూసింది.

"చెప్పరేంది?"

"తిను. లెక్క సాయంత్రం చూసుకుందాం."