ముందు నకళ్ళు, ఆఖర్న అసలు

ఏడో క్లాసు రెండుసార్లు చదివినోణ్ణి కాబట్టి నా చదువు ఎనిమిదని చెప్పుకునేవాణ్ణి. ఆ ఎనిమిదితోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్ల పనికి కుదిరినాను. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయింటుంది. చిక్కబళ్ళాపురంలో అసలు మిషను, చింతామణిలో, బాగేపల్లిలో మా చిన్న ఆస్పత్రులుంటే అక్కడ దాని నకళ్ళు. రోగుల గురించి అసల్లో రాసింది ఫోను లైను మీద పోయి నిమిషంలో నకళ్ళలో పడేది.

ఒక దినం ఆ మిషన్ల ప్రోగ్రాముకు కొత్త వర్షన్ సీడీ వచ్చింది. దాంతోపాటు ఒక ఇంగ్లీషు కాగితం. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే తేలిందేమంటే, ముందు నకళ్ళను మార్చాల, ఆఖర్న అసలును. కొత్త నకలు పాత రాతను చదువుకోగలదు. పాత నకలుకు కొత్త రాత తలకెక్కదు.

పెద్ద డాక్టరు టెంకాయ తెచ్చి, పూజ అసలుకే, మార్పూ ముందు అసలుకే అన్నాడు. కాగితం నా జేబులోనే ఉండాది. తీసి చూపిస్తే సరిపోయేది. నేరుగా చెప్పే అలవాటు నాకు యాడుంది?

“సార్, ఈ పంక్తిలో పిల్లోళ్ళకే ముందు వడ్డించాల. పెద్దాయన ముందు తింటే పిల్లోళ్ళకు అజీర్తి.”

అందరూ నవ్వినారు. డాక్టరూ నవ్వి టెంకాయ కొట్టినాడు. నవ్వించినానని నాకూ సంతోషమే.

సాయంత్రానికి అసలు మారింది. మరుసటి దినం చింతామణికి పోయి అక్కడి నకలూ మార్చి వచ్చినాను. బాగేపల్లికి పోదామంటే బస్సులోళ్ళ సమ్మె. మూడు దినాలు కదల్లేదు.

ఆ మూడు దినాల్లోనే గుడిబండె పక్క పల్లె నుంచి ఒకామె కాలి పుండుతో ఎవరిదో ట్రాక్టరెక్కి చిక్కబళ్ళాపురానికి వచ్చింది. పెన్సిలిన్ సూది వేస్తూనే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. డాక్టర్లు ఎట్లో నిలబెట్టినారు. ఆ సూది ఆమెకు పడదని కంప్యూటర్లో ఎక్కించినారు. పోతూ పోతూ నా దగ్గర నిలబడి, సూది పేరు తన నోటికి రాదని చెప్పి, ఒక చీటీ రాసివ్వమని అడిగింది.

“చీటీ ఎందుకమ్మా? మూడూర్లలో నీ పేరు రాసిండాది. మన ఎమ్మెల్యేకి కూడా అంత పేరు లేదు.”

ఆమె నవ్వింది. చీటీ లేకుండానే పోయింది.

సమ్మె ముగిసిన దినం పొద్దున్నే సీడీ సంచిలో వేసుకొని బాగేపల్లి చేరినాను. కుర్చీలో కూర్చుంటానో లేదో ఫోను మోగింది. గుడిబండెలోని ఏదో చిన్న క్లినిక్కు కాంపౌండరు. పుండు మళ్ళీ చీము పట్టిన ఒకామె వచ్చిండాది, ఏదో సూది పడదంటాది, ఏ సూదో చెప్పలేకపోతాండాది, మీ కంప్యూటర్లో ఉండాదంట, చూడప్పా అన్నాడు. పేరు చెప్పినాడు. దినానికి యాభై పేర్లు వినేవాణ్ణి, గుర్తుపట్టలేదు. వెతికినాను.

“ఆ పేరే లేదప్పా.”

“చిక్కబళ్ళాపురంలో ఉంటుందేమో?”

“మూడూర్లలో ఒకటే రాత.”

ఫోను పెట్టి సీడీ వేయబోయినాను. మార్చే ముందు చివరి రాత ఏ దినందో చూడాల. చూసినాను. డాక్టరు టెంకాయ కొట్టిన దినంది. ఆ తర్వాత ఒక్క పేరూ దిగలేదు. తెర మాత్రం రోజూ తెరుచుకుంటాంది, పాత పేర్లు చూపిస్తాంది, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

గుడిబండెకు ఫోను చేసినాను. ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. నాలుగోసారికి కాంపౌండరు ఎత్తినాడు. నేను నోరు తెరవకముందే, “సూది వేసేసినా, మనిషి పడిపోయింది, జీపు కోసం చూస్తాండాము” అన్నాడు. జీపు వచ్చేసరికి ఆమె లేదు.

ఆ దినమే నకలును మార్చినాను. వేరే పనేముంది నాకు? సాయంత్రానికి ఆగిపోయిన పేర్లన్నీ వరసగా దిగినాయి. ఆమెదీ దిగింది.

పదహైదు దినాల తర్వాత మళ్ళీ బాగేపల్లిలో ఉన్నప్పుడు ఆమె మొగుడు వచ్చినాడు. ఆమె గురించి రాసిన కాగితం కావాలన్నాడు. పేరు కొడితే వెంటనే వచ్చింది. ప్రింటు తీసిచ్చినాను. చదవడం రాదు, నువ్వే చదువప్పా అన్నాడు.

“పెన్సిలిన్ పడదు. ఎప్పుడూ వేయకూడదు.”

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కండువా కొసలో ముడేసుకున్నాడు.

“మూడూర్లలో రాసిండాదని ఇంటికొచ్చి చెప్పి నవ్వింది. నిజంగా ఉండాదా అప్పా?”

“ఉండాదప్పా” అన్నాను.