పేడ చూసే కండ్లు

కోలారు జిల్లా రాయల్పాడు పక్కన ఒక పల్లెలో నేను ఆశా కార్యకర్తను. పెద్దపేగు క్యాన్సరు గురించి చెప్తామని టౌను నుంచి ఒకాయన వచ్చి, పాల డైరీ ముందర తెర కట్టి బొమ్మలు చూపించినాడు. మాంసం తగ్గించండి అన్నాడు. జాతరకొకసారి, పండగకొకసారి మటన్ మొహం చూసేవాళ్ళకా ఈ బుద్ధులు! "మలంలో రక్తం" అనే మాట దగ్గర మాత్రం ఆయనే సిగ్గుపడి గబగబా దాటేసినాడు. ఆడోళ్ళు కొంగు నోట్లో కుక్కుకొని నవ్వినారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గోరంత మలం తీసి మూత పెట్టి ఇస్తే చాలని చెప్పి, ఇంటింటికీ పరీక్ష డబ్బాలు పంచినాను. వారమైనా ఒక్కటీ వెనక్కి రాలే.

మా వదిన అయితే డబ్బాను ముట్టనే లేదు. "పట్టుపురుగులకి ఆకేసే చేత్తో దాన్ని పట్టుకోమంటావా? మైల తగిలితే పురుగంతా పోతాది" అనింది. ఆమెకు నెలల నుంచి మలంలో రక్తం పడతా ఉండాదని నాకొక్కదానికే తెలుసు.

ఒకనాడు పొద్దున్నే వాళ్ళింటికి పోయినాను. మా అన్న కొట్టంలో గొంతుక్కూచొని పేడను పుల్లతో కెలుకుతా ఉన్నాడు. పేడలో నెత్తురు జీర కనపడిందంట. అప్పటికే పశువుల డాక్టరుకు రెండు తూర్లు ఫోన్ చేసినాడు. "లేటయితే ఆవు దక్కదమ్మా" అని అల్లాడిపోతా ఉన్నాడు. పక్కనే వదిన పాలిపోయిన మొహంతో తవుడు కలుపుతా ఉండాది.

ఇంగ నాకు ఆగలే. "ఆవుకి ఒక పూట నెత్తురు పడితే డాక్టరు కావాల్నా? నీ పెండ్లానికి మామిడి పూత కాలం నుంచి పడతా ఉండాది, తెలుసునా? ఆమె ఆవుకన్నా హీనమా?" అని అరిచినాను.

అన్న పుల్ల పడేసి వదిన వైపు తిరిగినాడు. "నాకు చెప్పలేదే" అన్నాడు.

"నువ్వు అడిగినావా?" అన్నాను.

ఆ సాయంత్రం డైరీ దగ్గర పాలు పోసేవాళ్ళని నిలబెట్టి చెప్పినాను. "రోజూ ఆవు పేడ చూస్తారు కదా, అట్లే మీది మీరు చూసుకోండి. నెత్తురు కనపడితే వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంటే తంతాను!" ఈ తూరి ఎవరూ నవ్వలే. మరుసటి పొద్దు నుంచి డబ్బాలు రావడం మొదలైంది. అన్న వదినను పురుగులింట్లోకి పోనీకుండా ఆకు తనే వేసినాడు. వదిన డబ్బా కూడా వచ్చింది.

పరీక్షలో ఆమెది తేడాగా ఉండాదని, కోలారు పెద్దాసుపత్రిలో పేగులోకి గొట్టం వేసి చూడాలని అన్నారు. కోలారు బస్సులో వదిన పక్కన కూచొని మా అన్నను, టౌను ఆయనను, ఊరందరినీ తిడతానే ఉన్నాను. వదిన కిటికీ వైపు చూస్తా మెల్లగా అనింది.

"అందరినీ ఎందుకు తిడతావు? మొట్టమొదట నీకే కదమ్మా చెప్పినాను. వేడిలే వదినా, మజ్జిగ తాగు అన్నావు."

అన్నాను. ఆశా చీర కట్టుకొనే అన్నాను.